గెలిచిన డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది? 1848 నల్లమందు పందెం నుంచి 'విత్‌డ్రా' బటన్ వరకు

నేను మీ వన్ టౌన్ కుర్రాణ్ణి. బీటెక్ చేసి, కొన్నేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, ఇప్పుడు ఇలా కెమెరా ముందు కూర్చుని చరిత్ర చెబుతున్నాను. ఈరోజు ఎపిసోడ్ రాజుల గురించి కాదు, యుద్ధాల గురించి కాదు. మీ ఫోన్లో ఉండే ఒక చిన్న బటన్ గురించి. దాని పేరు 'విత్‌డ్రా'.

ప్రెడిక్షన్ మార్కెట్ అంటే చాలామందికి తెలుసు. 'రేపు మ్యాచ్‌లో ఫలానా టీమ్ గెలుస్తుందా? ఎన్నికల్లో ఫలానా పార్టీకి మెజారిటీ వస్తుందా?' అని ఒక ప్రశ్న ఉంటుంది. అవును అనేవాళ్లు ఒకవైపు, కాదు అనేవాళ్లు ఒకవైపు. మన దేశంలో వచ్చిన యాప్స్‌లో ఒక జత విలువ 10 రూపాయలు ఉండేది. 'అవును' రేటు 6 రూపాయలైతే 'కాదు' రేటు 4 రూపాయలు. నిజమైన వైపు ఉన్నవాడికి 10, రెండోవాడికి సున్నా. ఓపీనియన్ ట్రేడింగ్ అని పేరు పెట్టారు. ఆడటం చాలా ఈజీ. కానీ అసలు ప్రశ్న గెలిచాక మొదలవుతుంది: ఆ డబ్బు నా బ్యాంకు ఖాతాలోకి ఎలా వస్తుంది? రాకపోతే ఎవరిని అడగాలి?

ఈ ప్రశ్నకు దాదాపు 180 ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలిస్తే ఆ బటన్ మీకు వేరేగా కనిపిస్తుంది.

ముందు మా ఊరి నుంచి మొదలుపెడదాం

వన్ టౌన్ అంటే విశాఖపట్నానికి పాత ఊరు. కురుపాం మార్కెట్, పాత పోస్టాఫీసు, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి, హార్బర్ పక్కన వరుసగా మూడు కొండలు, వాటి మీద గుడి, దర్గా, చర్చి. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్. 1933లో ఇన్నర్ హార్బర్ తెరిచేదాకా పెద్ద ఓడలు సముద్రంలోనే లంగరు వేసేవి, సరుకంతా పడవల్లో ఒడ్డుకు వచ్చేది.

ఓడరేవు ఊళ్లో పుట్టినవాడికి పందెం గురించి ఒక మాట త్వరగా అర్థమవుతుంది. ఓడ బయలుదేరింది. చేరుతుందా, మునుగుతుందా? ఎవరికీ తెలీదు. ఆ భయం మీద డబ్బు కట్టడమే ఇన్సూరెన్స్. మరి ఆ ఓడలో మన సరుకు ఒక్క మూట కూడా లేకుండా, అది మునిగిపోతే నాకు డబ్బు రావాలి అని కడితే? అది పందెం. లండన్లో జనం సరిగ్గా ఇదే చేశారు. తమకు సంబంధం లేని ఓడల మీద పాలసీలు కొన్నారు. 1746లో బ్రిటిష్ పార్లమెంటు దాన్ని ఆపింది. ఓడలో నీకేదో ఒక వాటా, ఏదో ఒక ప్రయోజనం ఉండాలి అంది. 1774లో మనుషుల ప్రాణాల మీద తీసుకునే పాలసీలకు కూడా అదే రూల్ పెట్టింది. ఎందుకంటే ముక్కూ ముఖం తెలియని పెద్దమనిషి ఎప్పుడు పోతాడా అని కూడా పాలసీలు కొన్నారు మరి.

అంటే ఇన్సూరెన్స్‌కీ పందానికీ మధ్య గీత గీసిన రోజే ఇంకో విషయం కూడా తేలిపోయింది. గీతకు ఇటువైపు ఉన్నవాడు తన డబ్బు కోసం కోర్టుకు వెళ్లగలడు. అటువైపు ఉన్నవాడు వెళ్లలేడు.

1848: నల్లమందు పందెం

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఈస్టిండియా కంపెనీ పాట్నా నల్లమందును కలకత్తాలో వేలం వేసేది. అక్కడి నుంచి అది చైనాకు పోయేది. కలకత్తా వేలంలో సగటు ధర ఎంత పలుకుతుంది అని బొంబాయి వ్యాపారులు పందేలు కాసేవాళ్లు. ఒక్క పెట్టె నల్లమందు కూడా చేతులు మారదు. రేటు చెప్పుకున్నదాని కంటే పెరిగితే తేడా వీడు ఇవ్వాలి, తగ్గితే వాడు ఇవ్వాలి. అంతే. ఈరోజు యాప్‌లో 'బిట్‌కాయిన్ రాత్రి 9 గంటలకు ఇంతకంటే పైన ఉంటుందా' అనే ప్రశ్నకూ దీనికీ తేడా చెప్పండి చూద్దాం.

ఒక పందెంలో ఓడినవాళ్లు ఇవ్వనన్నారు. గెలిచినవాళ్లు కోర్టుకెక్కారు. రాంలాల్ ఠాకూర్‌సీదాస్ వర్సెస్ సూజుమ్నల్ ధోండ్‌మల్ అనే ఆ కేసు లండన్లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. పందేలు చెల్లవని ఇంగ్లండ్‌లో 1845లోనే చట్టం వచ్చింది, కానీ అది ఇండియాకు వర్తించదు. అందుకని 1848లో ప్రివీ కౌన్సిల్, పాత ఇంగ్లిష్ న్యాయసూత్రం ప్రకారం పందెం డబ్బు కోసం దావా వేయొచ్చు, తోసిపుచ్చడానికి మాకు దారి లేదు అని చెప్పింది. ఇష్టం లేకుండానే చెప్పింది.

ఆ 1848లోనే ఇక్కడి ప్రభుత్వం 21వ నంబరు చట్టం తెచ్చింది. పందెం ఒప్పందాలు చెల్లవు, గెలిచిన డబ్బు కోసం దావా నడవదు. తలుపు మూసేసింది. మరి అప్పటికే కోర్టులో నడుస్తున్న పందేల సంగతి? అదే వ్యాపారుల గుంపు నుంచి వచ్చిన ఇంకో కేసులో 1850లో ప్రివీ కౌన్సిల్ తేల్చింది: చట్టం రాకముందే కోర్టుకెక్కిన వాటికి ఈ చట్టం అడ్డు రాదు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి. చట్టం మారిన రోజున మధ్యలో ఇరుక్కున్న డబ్బు ఎవరిది అనే గొడవ 2025లో మళ్లీ వచ్చింది.

భూమి బల్లపరుపుగా ఉందని పందెం

ఈ ఎపిసోడ్‌లో నాకు బాగా నచ్చిన కథ ఇది. 1870. ఇంగ్లండ్‌లో జాన్ హ్యామ్డెన్ అనే ఆయన భూమి గుండ్రంగా లేదు, బల్లపరుపుగా ఉందని గట్టిగా నమ్మేవాడు. గుండ్రంగా ఉందని నిరూపిస్తే 500 పౌండ్లు ఇస్తానని సవాలు చేశాడు. సవాలు తీసుకున్నది ఎవరో తెలుసా? ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. డార్విన్‌తో పాటు జీవపరిణామ సిద్ధాంతాన్ని విడిగా కనిపెట్టిన శాస్త్రవేత్త.

ఇద్దరూ చెరో 500 పౌండ్లు ఒక మధ్యవర్తి చేతిలో పెట్టారు. ఆయన 'ది ఫీల్డ్' అనే పత్రిక సంపాదకుడు వాల్ష్. ఓల్డ్ బెడ్‌ఫర్డ్ అని ఆరు మైళ్ల పొడవు తిన్నగా ఉండే కాలువ ఉంది. నీటి మీద నుంచి ఒకే ఎత్తులో ఈ చివర టెలిస్కోపు, ఆ చివర ఒక గుర్తు, మధ్యలో ఒక గుర్తు పెట్టారు. భూమి వంపు ఉంటే మధ్య గుర్తు పైకి కనిపించాలి. కనిపించింది. వాలెస్ గెలిచాడని వాల్ష్ ప్రకటించి డబ్బు ఇచ్చేశాడు.

కథ అయిపోయిందా? లేదు. వాల్ష్ డబ్బు అందజేయకముందే హ్యామ్డెన్ 'నా 500 నాకిచ్చేయ్' అని అడిగాడు. తర్వాత కోర్టుకెళ్లాడు. 1876లో తీర్పొచ్చింది: పందెం అనే ఒప్పందమే చెల్లదు. మధ్యవర్తి చేతిలో ఉన్న డబ్బు విజేతకు చేరకముందే కట్టినవాడు వెనక్కి అడిగితే, తిరిగి ఇచ్చేయాల్సిందే. అంటే సైన్సులో గెలిచిన వాలెస్, డబ్బులో ఓడాడు. భూమి గుండ్రంగానే ఉంది, 500 పౌండ్లు మాత్రం వెనక్కి పోయాయి. హ్యామ్డెన్ తిట్లు, కేసులు, వేధింపులు వాలెస్‌ను 15 ఏళ్ల దాకా వదల్లేదు.

ఇందులో రెండు మాటలు విడదీసి చూడాలి. ఒకటి, నువ్వు కట్టిన డబ్బు. రెండు, నువ్వు గెలిచిన డబ్బు. చట్టం దృష్టిలో ఇవి రెండూ ఒకటి కావు. మీ యాప్‌లో మాత్రం రెండూ కలిపి ఒకే అంకె కనిపిస్తుంది, 'బ్యాలెన్స్' అని.

సెక్షన్ 30

1872లో ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ వచ్చింది. అందులో సెక్షన్ 30 ఇప్పటికీ బతికే ఉంది. పందెం ఒప్పందం చెల్లదు. గెలిచామని చెప్పి దావా వేయడం కుదరదు. ఫలితం తేలాక ఇవ్వమని ఎవరి చేతిలోనైనా పెట్టిన సొమ్ము కోసం కూడా కుదరదు. ఒకే ఒక మినహాయింపు: గుర్రప్పందేల్లో 500 రూపాయలు, ఆపైన ఉండే బహుమతికి వేసుకునే చందాలు. దొరలకు గుర్రాలంటే ఇష్టం కదా!

మరి కోర్టు తలుపు మూస్తే జనం పందేలు మానేశారా? మానలేదు. కలకత్తా బడాబజార్‌లో వర్షం మీద పందేలు నడిచేవి. డాబా మీద పడిన వాన నీళ్లు గొట్టంలోంచి ఇన్ని గంటల్లోపు పొర్లుతాయా లేదా అని మబ్బు చూసి డబ్బు కట్టేవాళ్లు. 1897లో దాన్ని ఆపడానికే బెంగాల్‌లో ప్రత్యేకంగా చట్టం చేశారు. తర్వాత న్యూయార్క్ పత్తి రేట్ల మీద బొంబాయిలో అంకెల పందెం, దాని నుంచి మట్కా.

ఇన్నేళ్లూ గెలిచినవాడికి డబ్బు ఎలా వచ్చింది? మాట మీద వచ్చింది. బజారులో మాట తప్పినవాడితో మర్నాడు ఎవరూ వ్యాపారం చెయ్యరు. ఆ భయమే కోర్టు.

1959లో సుప్రీంకోర్టు ఈ లెక్కను ఇంకాస్త స్పష్టం చేసింది. ఘేరులాల్ పారఖ్ కేసు. గోధుమల ధర మీద పందేల్లో ఇద్దరు భాగస్వాములకు నష్టం వచ్చింది. ఒకతను మొత్తం కట్టేసి రెండోవాణ్ణి సగం అడిగాడు. ఇవ్వనన్నాడు. కోర్టు ఏమందంటే, పందెం చెల్లదు, నిజమే, కానీ చెల్లకపోవడం వేరు, నేరం కావడం వేరు. కాబట్టి భాగస్వామి తన సగం ఇవ్వాల్సిందే. చూశారా, 'చెల్లదు', 'నేరం' అనే రెండు మెట్లున్నాయి. మన ఊళ్లో పందెం మొదటి మెట్టు నుంచి రెండో మెట్టు మీదికి ఎప్పుడు వెళ్లిందో ఇప్పుడు చూద్దాం.

మన రాష్ట్రం లెక్క

విశాఖ అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి 1930 మద్రాసు గేమింగ్ యాక్ట్ ఇక్కడ నడిచింది. ఆ తర్వాత 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ యాక్ట్ వచ్చింది. మధ్యలో 1967లో సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉండే ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఒక్క తీర్పు మీదే తర్వాత ఆన్‌లైన్ రమ్మీ యాప్స్ అన్నీ నిలబడ్డాయి. 'మాది నైపుణ్యం, జూదం కాదు' అనే లైను అక్కడి నుంచే వచ్చింది. ఓపీనియన్ ట్రేడింగ్ యాప్స్ కూడా అదే పాట పాడాయి: వార్తలు చదివేవాడు గెలుస్తాడు, కాబట్టి ఇది స్కిల్.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబర్‌లో ఆ మినహాయింపును ఎత్తేశాయి. నైపుణ్యమా, అదృష్టమా అని చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2020 అక్టోబర్‌లో 132 సైట్లు, యాప్స్ బ్లాక్ చేయమని అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి కేంద్రానికి లేఖ రాశారు. కానీ కుర్రాళ్లు లొకేషన్ మార్చే యాప్స్ వేసుకున్నారు, పక్క రాష్ట్రంలో ఉన్న ఫ్రెండ్ పేరుతో ఖాతా తెరిచారు. ఇక్కడే పెద్ద చిక్కు. లోపలికి వెళ్లేటప్పుడు ఎవరూ గట్టిగా అడగరు. బయటకు తెచ్చుకునేటప్పుడు పాన్ కార్డు కావాలి, బ్యాంకు ఖాతాలో పేరు కలవాలి, చిరునామా కావాలి. ఫ్రెండ్ పేరు మీద గెలిస్తే డబ్బు ఫ్రెండ్‌దే. వాడు ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. మళ్లీ 1848కి వచ్చేశాం, మాట మీదే.

ఇక యాప్స్ లేని పందేలు? 2024 ఎన్నికలప్పుడు మన జిల్లాల్లో చూశాం కదా. ఏ నియోజకవర్గంలో ఎవరికెంత మెజారిటీ అని పందేలు. మధ్యలో పెద్దమనిషి, ఆయన దగ్గర ఇద్దరి డబ్బు, ఆయనకు కమిషన్. జూన్ 4న లెక్కింపు అయ్యాక ఆయన ఇస్తేనే గెలుపు. ఇవ్వకపోతే పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఏమని చెబుతావ్? 'సార్, నేను పందెం కాశాను' అని మొదలుపెట్టాలి!

బయట దేశాల్లో

1988లో అయోవా యూనివర్సిటీ వాళ్లు అమెరికా అధ్యక్ష ఎన్నికల మీద చిన్న మొత్తాలతో ఒక మార్కెట్ పెట్టారు, పరిశోధన కోసం. ఆ తర్వాత డబ్లిన్ నుంచి ఇంట్రేడ్ అనే సైట్ పెద్ద పేరు తెచ్చుకుంది. 2012 నవంబర్‌లో అమెరికా నియంత్రణ సంస్థ దాని మీద కేసు వేసింది. అమెరికా ఖాతాదారులందరూ మూసుకుని వెళ్లిపోండి అని ఇంట్రేడ్ చెప్పింది. 2013 మార్చిలో మొత్తం ట్రేడింగే ఆగిపోయింది. పుస్తకాల్లో తేడాలు బయటపడ్డాయి. సభ్యులకు ఇవ్వాల్సినదానికి చేతిలో ఉన్న సొమ్ము చాల్లేదు. ఒబామా గెలుస్తాడని కరెక్టుగా చెప్పినవాళ్లకు కూడా టెన్షనే. అంచనా తప్పలేదు, గల్లాపెట్టెలో డబ్బు లేదు.

2025: తలుపు మూసిన రోజు

2025 ఏప్రిల్‌లో సెబీ ఒక హెచ్చరిక ఇచ్చింది: ఓపీనియన్ ట్రేడింగ్ మా పరిధిలో లేదు, అక్కడ మీకు ఇన్వెస్టర్ రక్షణ ఏదీ ఉండదు. జులైలో ఈ రంగంలో పేరున్న ప్రోబో మీద ఈడీ సోదాలు చేసింది, సుమారు 284 కోట్ల రూపాయల డిపాజిట్లు, షేర్లు ఫ్రీజ్ చేసింది. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు పాస్ చేశాయి. 22న రాష్ట్రపతి సంతకం. మొత్తం మూడు రోజులు.

ఈ చట్టంలో నైపుణ్యం, అదృష్టం తేడా లేదు. డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఏ ఆన్‌లైన్ ఆటైనా నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటన చేస్తే రెండేళ్లు, 50 లక్షలు. నా లాంటి వీడియో వాళ్లు అది జాగ్రత్తగా చదువుకోవాలి. ఆడినవాడికి శిక్ష లేదు. ఇంకో ముఖ్యమైన మాట: బ్యాంకులు, పేమెంట్ సంస్థలు ఈ ఆటలకు డబ్బు చేరవేయకూడదు.

చూశారా? 1848లో కోర్టు తలుపు మూశారు. 2025లో డబ్బు నడిచే రోడ్డే మూశారు. ఆ వారం చాలామంది ఫోన్లు తీసి విత్‌డ్రా నొక్కారు. పెద్ద కంపెనీలు 'కొత్త డిపాజిట్లు ఆపేశాం, ఉన్న బ్యాలెన్స్ తీసుకోవచ్చు' అని ప్రకటించాయి. చట్టం మీద సవాళ్లు సుప్రీంకోర్టుకు చేరాయి.

బటన్ వెనకాల ఏముంది

ఇప్పుడు ఇంజనీర్‌గా రెండు మాటలు. యాప్‌లో మీకు కనిపించే 'రూ. 13,000' అనేది డేటాబేస్‌లో ఒక వరుస. అంతే. డబ్బు ఉండేది కంపెనీ బ్యాంకు ఖాతాలో. ఆ వరుస ఒక మాట, 'నీకు ఇంత ఇవ్వాలి' అని. విత్‌డ్రా నొక్కితే ఆ మాటను నిజం చేయమని అడిగినట్టు. అప్పుడు మీ పేరు, పాన్, బ్యాంకు ఖాతా సరిచూస్తారు, పన్ను కోస్తారు, బ్యాంకుకు ఆర్డర్ వెళుతుంది. ఇందులో ఏ మెట్టు దగ్గర ఆగినా మీకు కనిపించేది ఒకటే: 'పెండింగ్'.

పన్ను లెక్క కూడా తెలుసుకోండి. ఆన్‌లైన్ ఆటల గెలుపు మీద 2023 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం టీడీఎస్ పెట్టారు. 10,000 వేసి 13,000 తీస్తే, నికర గెలుపు 3,000. అందులో 900 పన్ను. చేతికి 12,100. తీయకుండా ఉంచినా మార్చి 31న లెక్క కట్టి కోస్తారు. ఇక్కడ గమనించండి: పన్నును కంపెనీయే మీ డబ్బులోంచి కోసి మిగతాది ఇస్తుంది. మిమ్మల్ని ముందు కట్టమని అడగదు.

ఇది ఎందుకు ఇంత నొక్కి చెబుతున్నానంటే, నిషేధం తర్వాత దొంగ యాప్స్ ఎక్కువ నమ్ముకున్నది ఈ తెలియనితనాన్నే. మా వీధిలో ఒక తమ్ముడు తన ఫోన్ చూపించాడు. టెలిగ్రామ్ లింకుతో వచ్చిన యాప్. బ్యాలెన్స్ 84,000 చూపిస్తోంది. విత్‌డ్రా నొక్కితే 'ముందు 12,000 ట్యాక్స్ కట్టండి, వెంటనే మొత్తం విడుదల' అని మెసేజ్. వాడి మొహంలో వెలుగు చూస్తే చెప్పబుద్ధి కాలేదు, అయినా చెప్పాను. ఆ 84,000 అనేది వాళ్లు టైప్ చేసిన అంకె. ఇది నీళ్లలో గేదెను చూపించి బేరమాడినట్టు. తీసుకోవడానికి ముందు డబ్బు కట్టమన్నారంటే అక్కడ డబ్బు లేదు. పన్ను అనొచ్చు, వెరిఫికేషన్ ఫీజు అనొచ్చు, వీఐపీ లెవెల్ అనొచ్చు, పేరేదైనా అంతే. ఇప్పటికే కట్టేసి ఉంటే సిగ్గుపడకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకా ఖాతాలు మారుతున్న మొదటి గంటల్లోనే ఆపే అవకాశం ఎక్కువ.

విదేశీ సైట్లలో క్రిప్టోతో ఆడేవాళ్లకు ఇంకో మాట. అక్కడ గెలిచినది రూపాయల్లోకి మారాలంటే మళ్లీ ఇక్కడి బ్యాంకు, ఇక్కడి పన్ను, ఇక్కడి చట్టం దాటాలి. ఎక్స్ఛేంజ్‌లో మనకు తెలియని మనిషి నుంచి వచ్చే డబ్బు సైబర్ నేరంలోనిదైతే, ఫ్రీజ్ అయ్యేది మీ ఖాతా. అందులో మీ జీతం కూడా ఉంటుంది.

కాబట్టి పాత యాప్‌లో నిజమైన డిపాజిట్ ఇంకా ఉంటే, స్టోర్‌లో ఉన్న అసలు యాప్ లేదా కంపెనీ అసలు సైట్ నుంచే తీసుకోండి. గూగుల్‌లో దొరికే కస్టమర్ కేర్ నంబర్లకు ఫోన్ చేయకండి. బ్యాలెన్స్, లావాదేవీల స్క్రీన్‌షాట్లు దాచుకోండి. మీరు కట్టినది ఎంత, గెలిచినది ఎంత అని విడివిడిగా రాసుకోండి. హ్యామ్డెన్ తన 500 పౌండ్లు తెచ్చుకోగలిగింది, తాను కట్టిన డబ్బును సమయానికి అడిగాడు కాబట్టే.

బొంబాయి వ్యాపారి దగ్గర నుంచి మన వీధి తమ్ముడి దాకా అందరూ ఫలితం గురించే ఆలోచించారు. రేటు పెరుగుతుందా, వాన పడుతుందా, ఎవరు గెలుస్తారు అని. డబ్బు ఎవరి చేతిలో ఉంది, వాడు ఇవ్వనంటే నాకు దారేది అని ముందుగా అడిగినవాళ్లు చాలా తక్కువ. మీరు ఏ యాప్‌లో డబ్బు వేసినా, అది పందెం కాకపోయినా సరే, వేసేముందు ఆ ప్రశ్న అడగండి. వంద రూపాయలు వేసి, వెంటనే వెనక్కి తీసి చూడండి. కష్టమైతే అక్కడికక్కడే ఆగిపోండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఇన్నర్ హార్బర్ ఎలా తవ్వారో, చిత్తడి నేలలోంచి ఓడరేవు ఎలా పుట్టిందో చెబుతాను. అప్పటిదాకా సెలవు. ఈ వీడియోను మీ వాట్సాప్ గ్రూపులో, ముఖ్యంగా 'పెండింగ్' అని చూసుకుంటూ కూర్చున్న ఆ ఒక్క ఫ్రెండ్‌కి, పంపండి.